వెబ్ వీడియోను డీవీడీగా మార్చడం: ప్లేయర్ వైపు నుంచి ఆలోచిద్దాం

(గ్రంథాలయ సిబ్బందికి, పాఠశాల ఉపాధ్యాయులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ప్రతి చేతిలోనూ ఫోను ఉన్న ఈ కాలంలో డీవీడీ గురించి మాట్లాడటం అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. నెట్ సరిగా అందని బడిలో ఒక టీవీ, దాని కింద ఒక డీవీడీ ప్లేయర్ ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. ఫోనులో వెతుక్కోవడం చేతకాని పెద్దవాళ్లు డిస్కు పెట్టి బటన్ నొక్కడం మాత్రం హాయిగా చేసుకుంటారు. మీ ఊరి హరికథ భాగవతారు గారి కార్యక్రమం ఎవరో నెట్‌లో పెట్టి ఉంటే, అదే ఊళ్లో ఆయన కథను వినాలని ఉన్నవాళ్లకు అది చేరకపోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. అందుకే వెబ్‌లో దొరికే వీడియో ఫైలును మామూలు ప్లేయర్లో ఆడే డీవీడీగా మార్చడమెలాగో ఈ రోజు వివరంగా చెప్పదలచుకున్నాను.

ముందుగా హక్కుల విషయం. మనం తీసిన వీడియో, తీసినవారి అనుమతి ఉన్న వీడియో, ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదలైన వీడియో, కాపీరైట్ గడువు తీరిన వీడియో మాత్రమే ఈ పనికి తీసుకోండి. వికీమీడియా కామన్స్‌లోనూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఇలాంటివి చాలా దొరుకుతాయి. యూట్యూబ్‌లో కనిపించిందల్లా దించుకోవడానికి ఆ సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. మీకు కావలసింది మీ ఊరి కళాకారుడి వీడియోయే అయితే, దాన్ని పెట్టినవారికి ఒక మాట చెప్పి అసలు ఫైలునే అడగండి. అనుమతితో పాటు మంచి నాణ్యత ఉన్న ప్రతి కూడా చేతికొస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ పనిలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకే చోట పుడతాయి. మన దగ్గరున్న ఫైలును చూస్తూ పని మొదలుపెడతామే తప్ప, దాన్ని ఆడించబోయే ప్లేయర్‌ను చూస్తూ మొదలుపెట్టం. ఎంపీ4 ఫైలును అలాగే లాగి ఖాళీ డిస్కు మీద వేసి రైట్ చేస్తే అది కంప్యూటర్లో చక్కగా ఆడుతుంది. ఇంటికి తీసుకెళ్లి ప్లేయర్లో పెడితే మాత్రం "నో డిస్క్" అనో "అన్‌నోన్ డిస్క్" అనో వస్తుంది. డిస్కు చెడిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి చెడిపోయిందేమీ లేదు. ఆ ప్లేయర్‌కు తెలిసిన భాషలో ఆ డిస్కు మీద ఏమీ లేదు, అంతే. ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఎంపీజీ అని రాసినా ఫలితం ఉండదు, ఎందుకంటే పేరు మారింది కానీ లోపలి సమాచారం మారలేదు.

డీవీడీ ప్లేయర్లు మొదట 1996 నవంబరులో జపాన్ మార్కెట్లోకి వచ్చాయి. అప్పటికి ఖరారైన నియమాలే ఇప్పటికీ అమలులో ఉన్నాయి. మన వైపు మాత్రం అంతా మారిపోతూ వచ్చింది. 2005లో యూట్యూబ్ మొదలైనప్పుడు వీడియోలు ఫ్లాష్ వీడియోగా, అంటే ఎఫ్‌ఎల్‌వీ ఫైళ్లుగా, 320×240 పరిమాణంలో ఉండేవి. తరువాత వెబ్‌లోకి హెచ్.264 అనే కుదింపు పద్ధతి వచ్చింది, 2010లో వెబ్‌ఎం వచ్చింది, ఆపైన వీపీ9, ఏవీ1 వచ్చాయి. ఫ్లాష్ ప్లేయర్‌కైతే 2020 డిసెంబరు 31తో మద్దతే ఆగిపోయింది. ఇన్ని మార్పుల్లో ఒక్కటి కూడా మీ బడిలోని ప్లేయర్‌కు తెలియదు. దానికి తెలిసిన వీడియో కుదింపు పద్ధతి ఎంపెగ్-2, కొంతమేరకు ఎంపెగ్-1. దానికి తెలిసిన ధ్వని డాల్బీ ఏసీ-3, ఎంపీ2, లేదా కుదించని పీసీఎం, అదీ సెకనుకు 48 వేల నమూనాల చొప్పున ఉండాలి. వెబ్ వీడియోలో సాధారణంగా ఉండే ఏఏసీ ధ్వని డీవీడీ నియమాల్లోనే లేదు.

చిత్ర పరిమాణం కూడా దాని ఇష్టమే, మన ఇష్టం కాదు. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ పద్ధతిలో 720×576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. అమెరికాలోనూ జపాన్‌లోనూ వాడే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 720×480 చుక్కలు, సెకనుకు 29.97 ఫ్రేములు. ఫుల్ హెచ్‌డీ వీడియోలో 20,73,600 చుక్కలుంటే పాల్ డీవీడీ ఫ్రేములో 4,14,720 ఉంటాయి, అంటే సరిగ్గా ఐదో వంతు. కాబట్టి ఫోను తెర మీద చూసినంత సూక్ష్మంగా డీవీడీలో కనిపించదని ముందే ఒప్పుకోవాలి. పాత 320×240 ఎఫ్‌ఎల్‌వీ ఫైలును ఐదు రెట్లకు పైగా సాగదీసి డీవీడీ చేస్తే కొత్త వివరాలేమీ పుట్టుకురావు. పైగా వెబ్ ఫైలు ఒకసారి కుదించబడినదే, దాన్ని మళ్లీ కుదించడం జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీయడం లాంటిది. అందుకే దొరికిన వాటిలో పెద్ద ఫైలునే ఎప్పుడూ తీసుకోండి. ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి, అక్కడి నుంచి డీవీడీలోకి అంటూ మధ్యలో మజిలీలు పెట్టకుండా నేరుగా ఒకే దూకులో మార్చండి.

720×576 అన్న లెక్క చూసి కొందరు కంగారు పడతారు, ఎందుకంటే అది 16:9 ఆకారమూ కాదు, 4:3 ఆకారమూ కాదు. డీవీడీలో చుక్కలు చతురస్రాలు కావు. అదే 720 చుక్కల వరుసను ప్లేయర్ ఒక గుర్తును చూసి 4:3గానో 16:9గానో సాగదీసి చూపిస్తుంది. ఆ గుర్తు తప్పుగా పడితే మనుషులు బక్కపలచగానో, పొట్టిగా లావుగానో కనిపిస్తారు. ఇవాళ తీసే వీడియో దాదాపు అన్నీ 16:9 కాబట్టి మీ సాఫ్ట్‌వేర్లో ఆ అమరికను కళ్లారా చూసి ఎంచుకోండి. ఫోను నిలువుగా పట్టుకుని తీసిన వీడియో అయితే ఇంకో నష్టం ఉంది. 16:9 తెర మధ్యలో ఆ నిలువు చిత్రానికి దక్కేది 720 చుక్కల్లో సుమారు 228 మాత్రమే, మిగతాదంతా అటూ ఇటూ నల్ల పట్టీలే. ఊళ్లో కార్యక్రమం తీసేవారికి ఫోను అడ్డంగా పట్టుకోమని ముందుగా ఒక్క మాట చెప్పండి, అదే అన్నిటికన్నా మేలు చేస్తుంది.

ఇప్పుడు ఫ్రేముల సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే మంచి వీడియో డీవీడీగా మారాక తేడాగా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. మనది పాల్ దేశం కదా అని దాన్ని 25కు మార్చితే, సాఫ్ట్‌వేర్ ప్రతి సెకనులోనూ 5 ఫ్రేములు పారేయాలి. కూచిపూడి నాట్యంలో కెమెరా పక్కకు తిరిగినప్పుడు, నర్తకి చేయి గబుక్కున కదిలినప్పుడు ఆ లోటు చిన్న చిన్న కుదుపులుగా కంటికి తెలిసిపోతుంది. ఇక్కడ నా సలహా కొందరికి వింతగా అనిపించవచ్చు: 30 ఫ్రేముల వీడియోను ఇండియాలో ఆడించడానికైనా ఎన్‌టీఎస్‌సీ డీవీడీగానే చేయండి. 30 నుంచి 29.97కు మారడం కంటికి తెలియదు, మన దగ్గర అమ్మే ప్లేయర్లు, టీవీలు దాదాపు అన్నీ ఎన్‌టీఎస్‌సీని చక్కగా ఆడిస్తాయి. నిలువులో 96 చుక్కలు తగ్గుతాయన్నది నిజమే, అయితే నాట్యం చూసేవారికి కదలికే ముఖ్యం. పెళ్లి వీడియోలు తీసే స్టూడియో కెమెరాల్లో 25 ఫ్రేముల అమరిక ఉంటే మాత్రం నిస్సందేహంగా పాల్ ఎంచుకోండి.

అమెరికాలో ఉన్న అమ్మాయికో అబ్బాయికో డిస్కు పంపే కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ డిస్కు తెలియదు. రెండు చోట్లా ఆడాలంటే ఎన్‌టీఎస్‌సీయే దారి. ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో చెప్పే రీజియన్ సంఖ్య గురించి దిగులు అవసరం లేదు. ఇండియాకు 5, అమెరికాకు 1 అన్న ఆ సంఖ్యలు సినిమా కంపెనీల అడ్డుకట్ట కోసం పెట్టినవి, ఇంట్లో తయారు చేసే డిస్కుకు అన్ని రీజియన్లనూ అనుమతించవచ్చు.

24 ఫ్రేముల వీడియోను పాల్‌లోకి మార్చేటప్పుడు మరో చిక్కు ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫ్రేములను కలపకుండా, మొత్తం వీడియోనే 4 శాతం వేగంగా నడిపిస్తాయి. మాటలైతే ఎవరూ పట్టించుకోరు. కర్ణాటక సంగీత కచేరీ అయితే శ్రుతి దాదాపు ముప్పావు అరస్వరం పెరుగుతుంది. ఒకటో శ్రుతిలో పాడిన విద్వాంసుడు ఒకటిన్నరకు దగ్గరగా పాడినట్టు వినిపిస్తాడు. గొంతు సన్నబడుతుంది, వీణ నాదం మారుతుంది. దాన్ని విని నేర్చుకునే విద్యార్థి తన తంబురాతో సరిపోల్చుకోలేక ఇబ్బంది పడతాడు. సంగీతం ఉన్న వీడియోకు వేగం మార్చే పద్ధతి వాడకండి, తప్పదనుకుంటే శ్రుతి మారకుండా వేగం మాత్రమే మార్చే ఏర్పాటు ఉందేమో చూడండి.

ఫోను వీడియోల్లో ఇంకొక లక్షణం ఉంది. వెలుతురు తగ్గినప్పుడు ఫోను తనంతట తానే ఫ్రేముల వేగం తగ్గించి, వెలుతురు రాగానే మళ్లీ పెంచుతుంది. ఇలా స్థిరంగా లేని వీడియోను తగిన జాగ్రత్త లేకుండా మార్చితే, ధ్వని ఒక దారిన, బొమ్మ ఒక దారిన పోతాయి. 30ని 29.97గా లెక్క వేసుకున్న చిన్న పొరపాటు కూడా గంట గడిచేసరికి 3.6 సెకన్ల తేడాగా పేరుకుంటుంది, అంటే భాగవతారు చిడతలు కొట్టకముందే చప్పుడు వినిపిస్తుంది. మార్చడానికి ముందే ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. పూర్తయ్యాక మొదటి నిమిషం కాదు, చివరి ఐదు నిమిషాలు చూసి పెదవుల కదలికనూ మాటనూ సరిపోల్చాలి.

బిట్‌రేట్ లెక్క, అంటే సెకను వీడియోకు ఎన్ని బిట్లు కేటాయించాలన్న లెక్క, చేత్తోనే వేసుకోవచ్చు. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 జీబీ, అంటే 470 కోట్ల బైట్లు. కంప్యూటర్ దాన్నే 4.37 అని చూపిస్తుంది, అందులో మోసమేమీ లేదు, లెక్క కట్టే పద్ధతే వేరు. బైటుకు 8 బిట్లు కాబట్టి మొత్తం 3,760 కోట్ల బిట్లు. రెండు గంటల హరికథకు 7,200 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 52 లక్షల బిట్లు, అంటే 5.2 మెగాబిట్లు వస్తాయి. ఫైలు నిర్మాణానికీ జాగ్రత్తకీ ఐదు శాతం వదిలి, ధ్వనికి 192 కిలోబిట్లు తీసేస్తే వీడియోకు 4.7 మెగాబిట్లు మిగులుతాయి. ఎంపెగ్-2కు అది మంచి కేటాయింపే. మూడు గంటలు ఒకే డిస్కులో ఇరికిస్తే వీడియోకు దక్కేది సుమారు 3.1 మాత్రమే, అప్పుడు వేగంగా కదిలే చోట గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. రెండు డిస్కులు వాడండి, ఖాళీ డిస్కు ధర కన్నా చూసేవాళ్ల కళ్లు విలువైనవి.

గంట నిడివి ఉన్నప్పుడు చోటు పుష్కలంగా ఉంటుంది కదా అని గరిష్ఠానికి పోవద్దు. వీడియోకు నియమం అనుమతించే పరిమితి 9.8 మెగాబిట్లే అయినా, ఇంట్లో రైట్ చేసిన డిస్కులను చదవడంలో చాలా ప్లేయర్లు తడబడతాయి. నేను 8 దాటనివ్వను. రెండు విడతల పద్ధతి, అంటే మొదటిసారి వీడియో మొత్తం పరిశీలించి రెండోసారి కుదించే పద్ధతి, సమయం ఎక్కువ తీసుకున్నా గంటన్నర దాటిన వీడియోలకు తప్పక వాడండి. భాగవతారు నిలబడి మాట్లాడేచోట బిట్లు ఆదా చేసి, జనం, దీపాలు, నాట్యం ఉన్నచోట ఖర్చు పెడుతుంది.

వెబ్‌లో 2 మెగాబిట్లతోనే బాగున్న వీడియోకు ఇక్కడ 5 ఎందుకు కావాలని అడగవచ్చు. హెచ్.264 మామూలుగా అదే నాణ్యతను ఎంపెగ్-2కు కావలసిన దాంట్లో సగం బిట్లతో ఇవ్వగలదు. వెబ్ వీడియోలో పూర్తి చిత్రం పది సెకన్లకు ఒకసారి వచ్చినా సరిపోతుంది, మధ్యలో మార్పులు మాత్రమే దాచుకుంటుంది. డీవీడీలో సుమారు 0.6 సెకనుకు ఒక పూర్తి చిత్రం రావాలని నియమం. పాల్‌లో 15 ఫ్రేములకు, ఎన్‌టీఎస్‌సీలో 18 ఫ్రేములకు మించి ఆగకూడదు. రిమోట్ నొక్కగానే ఏ ఛాప్టర్‌కైనా దూకగలిగేది అందుకే.

రంగుల విషయం చాలామంది గమనించరు. హెచ్‌డీ వీడియోకూ డీవీడీకీ రంగులను అంకెలుగా రాసుకునే సూత్రాలు వేరు. ఆ మార్పు జరగకపోతే మంగళస్నానాల పసుపు, పట్టుచీర ఎరుపు కొద్దిగా తప్పుగా వస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియని తేడా అది. కొత్త ఫోన్లు హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే అమరికలో, తీసిన వీడియో అయితే తేడా అందరికీ తెలుస్తుంది, బొమ్మ మొత్తం వెలిసిపోయినట్టు బూడిద రంగులో వస్తుంది. తీసేటప్పుడే ఫోన్లో హెచ్‌డీఆర్ ఆపేయడం మేలు.

సాధనాల గురించి క్లుప్తంగా చెబుతాను. డీవీడీ స్టైలర్ ఉచితం, కొత్తవారికి అది చాలు: వీడియో లాగి వేస్తే ఎంపెగ్-2గా మార్చి, మెనూ అమర్చి, డిస్కు నిర్మాణం కూడా తయారు చేస్తుంది. ఆదేశాలు టైపు చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారికి పాల్ డీవీడీ, ఎన్‌టీఎస్‌సీ డీవీడీ అనే సిద్ధ అమరికలు అందులోనే ఉన్నాయి. అవి వాడితే పరిమాణం, ఫ్రేములు, ధ్వని అన్నీ నియమం ప్రకారం వస్తాయి, బిట్‌రేట్ మాత్రం పైన చెప్పిన లెక్కతో మీరు మార్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ మంచి సాఫ్ట్‌వేరే కానీ అది డీవీడీని ఫైలుగా మార్చడానికి పుట్టింది, ఫైలును డీవీడీగా మార్చదు. విండోస్ 7తో వచ్చిన డీవీడీ మేకర్ ఆ తరువాతి విండోస్‌లలో లేదు.

ఎంపెగ్-2 ఫైలు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. దాన్ని వీడియో_టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డర్‌లో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్లుగా విడగొట్టాలి. ప్రతి వీఓబీ 1 జీబీ లోపు ఉండాలి. వీఓబీలో వీడియో, ధ్వని ఉంటాయి, ఐఎఫ్ఓ ప్లేయర్‌కు దారి చూపిస్తుంది, బీయూపీ దాని నకలు. ఆ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. డిస్కు పేరుకు కూడా తెలుగు లిపి, ఖాళీలు వద్దు. మెనూలో కదిలే బొమ్మలు, పాటలు పెట్టాలన్న ఉత్సాహం సహజమే కానీ, అమ్మమ్మకు కావలసింది "ప్లే" అన్న ఒక్క బటన్. అసలు మెనూయే లేకుండా డిస్కు పెట్టగానే ఆడేలా చేస్తే ఇంకా మంచిది. పది నిమిషాలకొక ఛాప్టర్ మాత్రం తప్పక పెట్టండి.

తెలుగు సబ్‌టైటిళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డీవీడీలో సబ్‌టైటిల్ అక్షరాలుగా ఉండదు, నాలుగు రంగుల బొమ్మగా ఉంటుంది. ఇది మనకు మేలే. ప్లేయర్‌కు తెలుగు ఫాంటు తెలియనక్కరలేదు, బొమ్మను చూపిస్తే చాలు. ఆ బొమ్మను తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం తెలుగు తెలియాలి. కొన్నింటికి ఒత్తులను అక్షరం కింద కూర్చడం రాదు. "అమ్మ" అన్న మాట "అమ్‌మ" అని విడిపోయి వస్తుంది. మొదటి పది వాక్యాలు పరీక్షించి చూడండి. విడిపోతే సబ్‌టైటిళ్లను వీడియోలోనే కలిపేయండి, ఆపివేసే వీలు పోతుంది కానీ అక్షరం నిలుస్తుంది. ఇంగ్లీషుకు సరిపోయే సైజు తెలుగుకు చాలదు, ఒత్తులు, గుణింతాలు 576 వరుసల్లో కలిసిపోతాయి. అక్షరం పెద్దది చేసి, రెండు వరుసలకు మించకుండా, పాత టీవీలు అంచులు కోసేస్తాయి కాబట్టి అంచుకు దూరంగా పెట్టండి.

రైట్ చేసేటప్పుడు తక్కువ వేగం, 4 లేదా 8 ఎక్స్, ఎంచుకోండి. డిస్కును ఫైనలైజ్ చేయాలి, అంటే రాయడం పూర్తయిందని ముగించాలి, లేకపోతే రాసిన కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా ఆడదు. రాసింది సరిగా పడిందో లేదో సరిచూసే వెరిఫై అన్న గడి దగ్గర టిక్కు పెట్టండి. డిస్కు మీద కాగితం లేబుల్ అంటించకండి, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు పోయి చదవడం కష్టమవుతుంది. నీటి సిరా మార్కర్‌తో పైభాగాన రాయండి. చివరగా కంప్యూటర్లో కాకుండా, అది ఆడవలసిన ప్లేయర్లోనే పెట్టి మొదలు, మధ్య, చివర చూడండి. అసలు వెబ్ ఫైలును మాత్రం చెరిపేయకండి. రైట్ చేసిన డిస్కులోని రంగుపొర ఎండకు, వేడికి పాడవుతుంది కాబట్టి మళ్లీ చేయవలసి వస్తే డిస్కు నుంచి కాక ఆ ఫైలు నుంచే చేయాలి.

సభలో ఒక ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న: "టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టే వీలుంటే ఇదంతా ఎందుకండీ?"

అమ్మా, టీవీకి యూఎస్‌బీ ఉంటే డీవీడీ చేయకండి. హెచ్.264 వీడియో, ఏఏసీ ధ్వని ఉన్న ఎంపీ4 ఫైలును అలాగే వేయండి, నాణ్యత ఏమాత్రం తగ్గదు. వెబ్‌ఎం ఫైలైతే అన్ని టీవీలూ ఆడించవు, దాన్ని ఎంపీ4గా మార్చండి. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అలాంటప్పుడు కార్యక్రమాన్ని రెండు భాగాలు చేసుకోండి. ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిని మీ టీవీ చదువుతుందో లేదో ఒక చిన్న ఫైలుతో చూసుకుంటే ఆ విభజన కూడా అక్కరలేకపోవచ్చు. యూఎస్‌బీ ఉన్న డీవీడీ ప్లేయర్లు వేరు. వాటిలో చాలావాటికి హెచ్.264 తెలియదు, పాత డివ్‌ఎక్స్ ఏవీఐ ఫైళ్లు మాత్రమే తెలుసు. టీవీ వెనక ఉన్న యూఎస్‌బీకీ ప్లేయర్ ముందున్న యూఎస్‌బీకీ ఇచ్చే ఫైలు వేరని గుర్తు పెట్టుకుని, ఏది వాడబోతున్నారో బడికి వెళ్లి చూశాకే మార్చడం మొదలుపెట్టండి.